ఆటగాడైన బిడ్డకు దెబ్బ తగిలినప్పుడు

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



బహుమతుల బల్లమీద వెండి కప్పులు వరుసగా మెరయుచుండగా దెబ్బలను గూర్చి మాట్లాడుట కొందరికి అపశకునముగా తోచవచ్చును. కార్యదర్శిగారు నన్ను 'క్రీడలు, ఆరోగ్యము' అను విషయముపై నాలుగు మాటలు చెప్పుడని కోరిరి. క్రీడలవలన ఆరోగ్యము కలుగునన్న సంగతి మీరెరుగనిది కాదు. దానినే అరగంటసేపు త్రిప్పి త్రిప్పి చెప్పుటకంటె, ఇట్టి సభలలో సాధారణముగా ఎవరును చెప్పని దానిని చెప్పుట మేలని తలచితిని. ఈ పాఠశాలలో చదివిన పిల్లలు ఏటేట కొందరు క్రీడల కోటాలో చెన్నపట్టణపు కాలేజీలలో చేరుచున్నారు. వాలీబాల్ ఆడువారున్నారు, కబడ్డీ ఆడువారున్నారు, పరుగు పందెములవారున్నారు. మూడేండ్ల కాలేజీ చదువు ముగియులోగా ఒక్క దెబ్బయైనను తగులని ఆటగాడు వీరిలో అరుదు. ఆ దెబ్బ తగిలినప్పుడు ఇంటివారు చేయవలసినదేమి, చేయరానిదేమి అనునదే నేడు నా విషయము.

నేను వైద్యుడను కాను. ఇరువదియారేండ్లు కాలేజీలో వ్యాయామ శిక్షకుడనుగా పనిచేసి, మైదానమునుండి ఆసుపత్రికిని, ఆసుపత్రినుండి ఇంటికిని పిల్లలను దిగబెట్టినవాడను. ఆ అనుభవముతోనే మాట్లాడుచున్నాను.

పిల్లవాడు బడిలో ఉన్నంతకాలము వాని మోకాలు దోగినను, మడమ బెణికినను సాయంకాలమునకు తల్లి కంట పడును. కాలేజీలో అట్లు కాదు. వాడు హాస్టలులో నుండును. పదునెనిమిదేండ్లు నిండినవి గనుక ఆసుపత్రిలో సమ్మతిపత్రముపై సంతకము వాడే చేయును. శిక్షకుడు దినమునకు రెండుపూటల వానిని చూచును. మీరు నెలకొకసారి చూతురు. కావున ఈ దశలో తల్లిదండ్రులు వాని వైద్యమునకుగాని, వాని ఆటకుగాని యజమానులు కారు. అయితే మీకు పనియే లేదా యనినచో, ఉన్నది. శిక్షకుడుగాని, డాక్టరుగాని చేయలేని పని యొకటి మీకు మిగిలియున్నది. నొప్పియున్నప్పుడు ఉన్నదని నిర్భయముగా చెప్పుకొనుటకు వానికొక చోటు కావలెను. ఆ చోటు ఇల్లే.

ఏల ఇంత గట్టిగా చెప్పుచున్నానో ఒక ఉదాహరణముతో విన్నవింతును. నా ఎరుకలో 800 మీటర్ల పరుగు పరుగెత్తు నొక పిల్ల యుండెను. తండ్రి ఆటో నడుపువాడు. ఆమెకు కాలేజీలో ఫీజు మాఫీ, హాస్టలులో చోటు, రెండును పరుగు పుణ్యమే. తండ్రి ప్రతి రాత్రి ఫోను చేసి ప్రేమతోనే అడిగెడివాడు: "అమ్మా, ఇవాళ టైమింగు ఎంత వచ్చినది?" ఆమె చెప్పెడిది. ముంగాలి ఎముకపై బొటనవ్రేలంత మేర నొప్పి పుట్టినది. మొదట పరుగు పిమ్మటనే నొప్పి. తరువాత పరుగులోను నొప్పి. అటుపిమ్మట మెట్లు దిగునపుడును నొప్పి. ఐదువారములు ఎవరికిని చెప్పక మందుల దుకాణములో మాత్రలు కొని మ్రింగుచు పరుగెత్తినది. పోటీనాడు రెండవ చుట్టులో ఎముక విరిగి కూలినది. ఆసుపత్రిలో నేనడిగితిని, "ఇంటిలోనైన చెప్పకపోతివేమమ్మా?" అని. "నాన్న అడుగునది టైమింగు ఒక్కటేనండీ" అనినది. ఆ తండ్రి చెడ్డవాడు కాడు. ఫీజు మాఫీ తీసివేయుదుమని కాలేజీవారును ఏనాడును అనలేదు. అడిగినవారును లేరు, చెప్పినవారును లేరు. నడుమ భయము మాత్రము పెరిగినది.

ఇట్టి విరుగుడు ఒక్కనాటి దెబ్బవలన కలుగునది కాదు. ప్రతిదినము పడు భారమునకు ఎముక లోలోపల సన్నగా నెరియలు వారును. దినమునకు పడిన నెరియ విశ్రాంతిలో పూడును. విశ్రాంతి చాలనిచో పూడక పెరుగును. దీనిని డాక్టర్లు స్ట్రెస్ ఫ్రాక్చర్ అందురు. మొదటి వారములలో సాధారణ ఎక్స్‌రేలో ఇది కనబడకపోవుట వాడుక. 'ఎక్స్‌రేలో ఏమియు లేదు' అనిన మాట విని తండ్రులు ధైర్యపడుదురు. పిల్ల మరల పరుగునకు దిగును. అనుమానమున్నచో ఎం.ఆర్.ఐ. తీయింపవలసియుండును. మొదట్లోనే పట్టుకొన్నచో చాలవరకు ఆరు మొదలు ఎనిమిది వారముల విశ్రాంతితో నయమగు జబ్బు ఇది. పి.వి. సింధు 2022లో బర్మింగ్‌హామ్ కామన్‌వెల్తు క్రీడలలో స్వర్ణపతకము గెలిచినప్పుడు ఆమె ఎడమ మడమలో ఇట్టి నెరియయే ఉండెను. ఆ నెలలోనే టోక్యోలో జరిగిన ప్రపంచ పోటీలను ఆమె వదలుకొనెను. మరల పోటీలలో దిగినది 2023 జనవరిలో. ఆమె తలిదండ్రులిరువురును వాలీబాల్ క్రీడాకారులు. ప్రపంచ పోటీలనే వదలుకొనిన పిల్ల యుండగా, అంతర్ కళాశాల పోటీ యొకటి తప్పిపోయినదని మనము గుండెలు బాదుకొనుట న్యాయమా?

ఇచ్చట తల్లులకు ప్రత్యేకముగా ఒక మాట. ఆడపిల్ల కఠినముగా సాధన చేయుచు, బరువు తగ్గవలెనని తిండి తగ్గించినచో నెలసరి తప్పుట కలదు. 'ఆటలాడు పిల్లలకు ఇది మామూలే' యని పెద్దవారును అనుచుందురు. మామూలు కాదు. శరీరమునకు చాలినంత ఆహారము అందుటలేదనుటకు అది గుర్తు. దానితో ఎముక పలుచబడును, నెరియలు త్వరగా పడును. మూడునెలలు వరుసగా నెలసరి రానిచో డాక్టరునకు చూపవలెను. ఈ సంగతి పిల్ల పురుషుడైన శిక్షకునకు చెప్పదు. చెప్పుమనుటయు న్యాయము కాదు. తల్లి అడుగవలెను. అడుగునపుడు పెండ్లి మాట ఎత్తకుండుట మంచిది.

ఏమడుగవలెననినచో, 'ఆడగలవా, లేదా' యని మాత్రము అడుగకుడు. దానికి ఏ ఆటగాడైనను 'ఆడగల'ననియే చెప్పును. 'ఎక్కడ? ఎప్పుడు మొదలైనది? ఎట్టి నొప్పి?' అని అడుగుడు. మూడవ ప్రశ్నవద్ద మన పాఠశాల పిల్లలకొక సదుపాయము గలదు. నొప్పిని చెప్పుటకు తెలుగులో ఎన్ని మాటలున్నవో గమనించితిరా? వాచినచోట లోపల కొట్టుకొనునది సలుపు. సూదితో పొడిచినట్లు వచ్చి పోవునది పోటు. ఆడి అలసిన పిక్కలలో రాత్రివేళ లాగునది తీపు. కీలు మెలిపడిన క్షణమున 'కలుక్కుమన్న'దందుము. నరము నొక్కుకొన్నచో 'జివ్వుమన్న'దందుము. కాలు తిమ్మిరెక్కుట వేరు, మొద్దుబారుట వేరు. ఇవి కవులకే పనికివచ్చు మాటలు కావు. సలుపు విన్న వైద్యుడు ఒక దారిలో ఆలోచించును, మొద్దుబారినదన్న మాట విన్నచో వేరొక దారిలో ఆలోచించును. మన పిల్లవాడు డాక్టరుగారి ఎదుట తమిళమున 'వలి' యనియో, ఆంగ్లమున 'పెయిన్' అనియో ఒక్క మాటతో సరిపుచ్చి వచ్చును. ఇంటికి ఫోను చేసినపుడు అమ్మకు తెలుగులో చెప్పినది దానికంటె నాలుగింతలుండును. మీరు ఆ మాటలను తేదీతో ఒక కాగితముపై వ్రాసియుంచుడు. మరునాడు డాక్టరు వద్దకు పోవునపుడు వాటి అర్థమును వానిచేత వివరముగా చెప్పించుడు. ఈ కాగితము కొన్ని పరీక్షలకంటె ఎక్కువ సాయపడిన సందర్భములను నేను చూచితిని.

ఇక అప్పటికప్పుడు తగిలిన దెబ్బల సంగతి. మడమ మెలిపడి వాచినది. మన ఇండ్లలో వెంటనే మొదలగునది నూనె మర్దన, ఉప్పు కాపడము. ప్రేమతో చేయు పనులే. కాని మొదటి రెండు మూడు దినములలో వేడిగాని, మర్దనగాని పనికిరావు. లోపల చిట్లిన రక్తనాళములు మరింత స్రవించి వాపు పెరుగును. గుడ్డలో చుట్టిన మంచుగడ్డను పదునైదు ఇరువది నిముషములు ఉంచుట, సాగుడు పట్టీని మితముగా చుట్టుట, కాలు ఎత్తుగా పెట్టుట, ఇవి చాలును. ముసాంబరపు పట్టు వేయుదుమందురా, వేయుడు. చర్మము చిట్లనంతవరకు దానివలన కీడుండదని నా అభిప్రాయము. అయితే ఒక పరీక్ష చేయుడు. పిల్లవాడు తనంతట నాలుగడుగులు వేయలేకపోయినను, మడమ రెండుప్రక్కల ఎముకను నొక్కినపుడు నొప్పి యున్నను ఎక్స్‌రే తప్పదు.

పుత్తూరు కట్టును గూర్చి నన్ను చాలమంది అడుగుదురు. పుత్తూరు చెంత ఈశ్వరాపురపు వైద్యుల పేరు ఎరుగని తెలుగిల్లుగాని, తమిళిల్లుగాని ఈ పట్టణమున లేదు. 'పుత్తూరు కట్టు' అను బోర్డులు మన వీథులలోను వ్రేలాడుచున్నవి. వాటిలో ఏది అసలో, ఏది పేరు వాడుకొనునదో చెప్పుట నా తరము కాదు. తరతరములుగా ఎముకలను సరిచేసిన చేతులను నేను తేలికపరచను. నా మనవి యొక్కటే. ఆటగాని మోకాలిలో చెడునది తరచు ఎముక కాదు. ఎముకను ఎముకకు కట్టియుంచు లిగమెంటు. అది తెగినచో ఎక్స్‌రేలోనే కనబడదు, కట్టు వేయు చేతికి ఎట్లు తెలియును? మెలి తిరిగినపుడు మోకాలిలో 'టప్పు'మని శబ్దము వినబడి, కొద్ది గంటలలోనే కాలు ఉబ్బి, తరువాత నడచునపుడు మోకాలు జారిపోవునట్లున్నచో ముందుగా ఎముకల డాక్టరుగారిచేత చూపించుడు. ఎవరు వేసిన కట్టైనను సరే, వ్రేళ్ళు చల్లబడినను, నీలి వన్నె కెక్కినను, మొద్దుబారినను, నొప్పి గంటగంటకు పెరుగుచున్నను తెల్లవారువరకు ఆగరాదు. కట్టు విప్పించి ఆ రాత్రియే ఆసుపత్రికి పోవలెను. ఆలస్యమైనచో అవయవమే పోవచ్చును.

తల దెబ్బ విషయమున మరింత కచ్చితముగా నుండవలెను. కబడ్డీలో మోకాలు తలకు తగులును. ఫుట్‌బాల్‌లో తలలు డీకొనును. స్పృహ తప్పలేదు గనుక భయము లేదనుట పొరపాటు. స్పృహ తప్పకయే మెదడు అదరుట కలదు. తల తిరిగినను, అడిగినదే మరల అడుగుచున్నను, ఆట స్కోరు మరచినను ఆనాడు మరల మైదానములోనికి దిగరాదు. ఇందులో బేరము లేదు. మొదటిదెబ్బ మానకముందే రెండవది తగిలినచో ప్రాణమునకే అపాయము. మాటిమాటికి వాంతి, పెరుగుచున్న తలనొప్పి, లేపినను లేవని మత్తు, ఇందులో ఏది కనబడినను వెంటనే ఆసుపత్రి. వాడు హాస్టలులో నున్నచో ఆ రాత్రి వాని గదిలో తోడుండునట్టి మిత్రునకు మీరే ఫోను చేసి ఈ గుర్తులు చెప్పుడు. అందుకే కాలేజీలో చేర్చిననాడే గదిలోని సహవాసి నంబరు తీసికొనవలెననుచుందును.

మోకాలి లిగమెంటు తెగినదన్న మాట వినిన ఇంటిలో ఎట్టి నిశ్శబ్దము క్రమ్మునో నేనెరుగుదును. శస్త్రచికిత్స జరిగినచో మరల పోటీకి దిగుటకు తొమ్మిది నెలలైనను పట్టును. తొందరపడి ముందే దిగినవారికి అది మరల తెగు ప్రమాదము ఎక్కువ. 'నడచుచున్నాడు గదా, ఆడిన నేమి?' అని తండ్రి ఐదవ నెలలో అనును. నడచుట వేరు, ఎగిరి ఒంటికాలిపై దిగి ప్రక్కకు తిరుగుట వేరు. ఆటలోనికి పోదగునా యనుటకు తేదీ యొక్కటే చాలదు. రెండు కాళ్ళ బలమును సరిపోల్చి ఫిజియోథెరపిస్టు చేయు పరీక్షయు కావలెను.

పుల్లెల గోపీచంద్ పేరు మీరందరెరిగినదే. 1994లో పూనాలో జరిగిన జాతీయ క్రీడలలో ఆయన మోకాలి లిగమెంటు తెగినది. అప్పటికాయనకు ఇరువదేండ్లు, అనగా మన కాలేజీ పిల్లల ఈడే. ఒకటికంటె ఎక్కువసార్లు ఆ కాలికి శస్త్రచికిత్స జరిగినది. 1996 మొదలు వరుసగా ఐదేండ్లు జాతీయ చాంపియను, 2001లో ఆల్ ఇంగ్లండు విజేత ఆయనయే. 1980లో ప్రకాశ్ పదుకోనే గెలిచిన పిమ్మట ఆ కప్పు భారతీయునకు దక్కుట అదే మొదలు. అయితే ఈ కథ విని ప్రతి తెగిన మోకాలును ఆల్ ఇంగ్లండుకు పోవుననుకొనరాదు. చాలమంది మరల ఆడుదురు, కొందరు మునుపటివలె ఆడలేరు, కొందరు మానుదురు. 1994కును 2001కిని నడుమ ఏడేండ్లున్నవి, ఆ లెక్క మాత్రము మనసులో నుంచుకొనుడు.

మందుల మాట చెప్పకున్న నా ఉపన్యాసము సగమే. పోటీకి ముందు నొప్పి తెలియకుండ సూది వేయించుట మన మైదానములలో లేకపోలేదు. నొప్పి అనునది ఇంటి కావలివాడు. వానిని నిద్రబుచ్చి తలుపు తీయుట ఎవరికి మేలు? అదియుగాక నియమములున్నవి. మాదకద్రవ్య నిరోధక సంస్థ, నాడా యనునది, మన దేశమున 2005లో ఏర్పడినది. విశ్వవిద్యాలయ క్రీడలలోను పరీక్షలు జరుగుచున్నవి. వాపు తగ్గుటకు వేయు స్టెరాయిడు సూది యేదైనను పోటీ సమయమున నిషిద్ధమని 2022 జనవరి 1 నుండి నియమము. కీలులోనికి వేసినను నిషిద్ధమే. డాక్టరు మంచి మనసుతో వ్రాసినను, దుకాణదారుడు తెలియక ఇచ్చినను, తప్పు ఆటగానిదే యగును. అవసరమైన మందైనచో వైద్య కారణముపై ముందుగా అనుమతి పొందు పద్ధతి కలదు. కావున 'మా వాడు పోటీలలో ఆడును' అను మాటను ప్రతి డాక్టరునకు మొదటనే చెప్పుడు. చీటీలను పారవేయక భద్రపరచుడు.

శిక్షకులతో మీరెట్లు మెలగవలెను? నేనును ఆ వర్గమువాడనే గనుక కొంత పక్షపాతముండును, క్షమింపుడు. మైదానపు గట్టున నిలిచి కేకలు వేయు తండ్రి మాకు పెద్ద బెడద. అయినను, డాక్టరు ఆడవద్దని వ్రాసిన పిల్లవానిని 'ఒక్క సెట్టు ఆడి పోరా' యని పిలుచు శిక్షకుడు మాలోను కలడు. అట్టిచోట తండ్రి వెనుదీయరాదు. బిడ్డను మాట్లాడుమని ముందుకు త్రోయుటయు తగదు. జట్టులో చోటు పోవునన్న భయము వానికున్నది, మీకు లేదు. డాక్టరు చీటీ నకలుతో ప్రిన్సిపాలుగారికి మర్యాదగా ఒక ఉత్తరము వ్రాయుడు. హాజరు తగ్గినచో ఆ చీటీయే పనికివచ్చును. ఫీజు మాఫీ గాయపడిన యేడు నిలుచునా, వైద్య ఖర్చులకు బీమా యున్నదా యనునవి చేర్చుకొను దినముననే వ్రాతమూలకముగా అడుగవలసిన ప్రశ్నలు. అప్పుడు అడిగిన యెడల ఎవరికిని కోపము రాదు. పైన చెప్పిన పిల్లయింటిలో ఈ రెండు ప్రశ్నలకు జవాబు తెలిసియున్నచో ఆ ఐదువారముల మాత్రలు ఉండియుండవని నా నమ్మకము.

మంచమెక్కిన ఆటగాని మనసు మాట మిగిలినది. వానికి కాలు మాత్రమే నొచ్చుట కాదు. తెల్లవారి ఐదుగంటలకు లేచువాడు ఎనిమిదింటివరకు గోడ చూచుచు పడుకొనును. జట్టు బస్సు వానిని విడిచి పోయినది. అప్పుడు 'ఆటలు కూడు పెట్టునా, అందుకే చదువుకొమ్మంటిమి' యని పెద్దలు మొదలుపెట్టుదురు. ఆ మాట నిజమైనను కావచ్చును, ఆ వారము మాత్రము అనకుడు. 'నీ ఈడున నేను జిల్లాకు ఆడితిని, కాలు విరిగినను ఆడితిని' అను తండ్రి మాటయు అంతే బరువైనది. వానిని చూడ జట్టు మిత్రులను ఇంటికి పిలువుడు. ఉప్మా చేసి పెట్టుడు. స్కోరు వ్రాయుటకో, చిన్నపిల్లలకు నేర్పుటకో కుంటుచునైనను మైదానమునకు పోనిండు. నిద్ర పట్టకయు, తిండి సహింపకయు రెండు వారములు దాటినచో కాలి డాక్టరుతోపాటు మనసు డాక్టరునకును చూపుడు; దీనికి సిగ్గుపడ పనిలేదు.

తెర వెనుక పిల్లలు మీసములు అంటించుకొని నావైపు కోపముగా చూచుచున్నారు. నాటకమునకు వేళ మించినది. బిడ్డల దెబ్బలను గూర్చి ఇంకను అడుగదలచినవారు నాటకము పిమ్మట గ్రంథాలయపు గదికి రండు. ఎక్స్‌రేలు తెచ్చినవారు చీటీలనుగూడ తీసికొని రండు. నేను అచ్చటనే యుందును.